కొత్త చేపకు ఏకాంతవాసం

ప్రకృతిలోని అందాన్ని ఇంటికి తెచ్చుకొని, తీరిక వేళల్లో దాని ముందు కూర్చోవాలనే కోరిక మానవునికి కొత్తది కాదు. తోటలు వేయడం, చిలుకలను సాకడం, తామరకొలనులు తవ్వించడం ఈ కోరికలోనుంచే పుట్టాయి. సముద్రాన్ని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం చాలా కాలం సాధ్యపడలేదు. గాజుతొట్టిలో పోసిన సముద్రపు నీరు కొద్ది రోజుల్లోనే చెడిపోయేది. అందులోని జీవులు చనిపోయేవి. పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో, నీటిలోని మొక్కలకు, జంతువులకు మధ్య సమతూకం కుదిరితే ఆ నీరు చాలా కాలం నిలుస్తుందని ఇంగ్లండులో కొందరు గ్రహించారు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలందరూ చూడగల అక్వేరియం వెలసింది. మరుసటి సంవత్సరం ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన గ్రంథంతో 'అక్వేరియం' అనే మాట వాడుకలో స్థిరపడింది.

నేడు ఉప్పునీటి అక్వేరియం పెద్ద నగరాలలోని సామాన్య గృహాలకు కూడా చేరింది. అమెరికా, ఐరోపా దేశాలలో ఈ అభిరుచి గలవారు అధికం. పగడాల దిబ్బల మధ్య తిరిగే క్లౌన్ చేపలు, టాంగ్ చేపలు, సీతాకోకచిలుక చేపలు వారి తొట్టెలలో ఈదుతూ కనిపిస్తాయి. 2003లో విడుదలైన 'ఫైండింగ్ నీమో' అనే చలనచిత్రం నారింజరంగు క్లౌన్ చేపను ప్రపంచంలోని పిల్లలందరికీ పరిచయం చేసింది. మంచినీటి అక్వేరియం చేపలలో చాలా భాగం మనుషుల సంరక్షణలోనే పుట్టి పెరిగినవి. ఉప్పునీటి చేపల సంగతి అందుకు భిన్నమైనది. క్లౌన్ చేప వంటి కొన్నింటిని తొట్టెలలోనే పొదిగించి పెంచగలుగుతున్నా, అధిక భాగాన్ని ఇప్పటికీ సముద్రం నుంచే పట్టి తెస్తున్నారు.

ఇండొనీషియాలోనో, ఫిలిప్పీన్స్‌లోనో ఒక దిబ్బ దగ్గర పట్టుబడిన చేప కొనుగోలుదారుని ఇంటికి చేరడానికి ఎన్ని చేతులు మారుతుందో ఊహిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పట్టిన జాలరి నుంచి గ్రామంలోని వ్యాపారికి, అతని నుంచి ఎగుమతిదారునికి, విమానంలో మరో దేశంలోని దిగుమతిదారునికి, అక్కడినుంచి టోకు వర్తకునికి, చివరకు చిల్లర దుకాణానికి అది చేరుతుంది. ప్రతి మజిలీలోనూ వేర్వేరు సముద్రాలనుంచి వచ్చిన చేపలతో కలిసి ఒకే నీటిలో నిలుస్తుంది. ప్రయాణంలో ఆహారం ఉండదు. చీకటి సంచిలో, తన విసర్జనలతో కలుషితమైన కొద్దిపాటి నీటిలో గంటల తరబడి గడుపుతుంది. ఇంతటి బడలికకు లోనైన ప్రాణికి రోగనిరోధకశక్తి తగ్గడం సహజం. జబ్బును అంటించుకోవడానికీ, అంటించడానికీ ఇంతకన్న అనువైన ఏర్పాటు మరొకటి ఉండదు.

దుకాణంలో ఆ చేప ఆరోగ్యంగానే కనిపిస్తుంది. రంగులు మెరుస్తుంటాయి, వేసిన మేత తింటుంది. కొన్నవాడు సంతోషంతో ఇంటికి తెచ్చి, తన తొట్టిలోకి వదులుతాడు. ఆ తొట్టి ఒక్క రోజులో ఏర్పడినది కాదు. దానిలోని రాళ్ళపై మేలుచేసే సూక్ష్మజీవులు స్థిరపడడానికి నెలలు పట్టి ఉంటాయి. కొన్ని చేపలు ఏళ్ళ తరబడి అందులోనే పెరిగి, యజమాని గదిలోకి రాగానే గాజు దగ్గరకు వచ్చి మేతకోసం ఎదురుచూసేటంతగా అలవాటుపడి ఉంటాయి. సరైన సంరక్షణలో క్లౌన్ చేప ఇరవై ఏళ్ళకు పైగా జీవించగలదు. కొత్త చేప వచ్చిన వారం పది రోజులకు ఒకనాటి ఉదయం దాని రెక్కలపై ఉప్పురవ్వ చల్లినట్లు రెండు మూడు తెల్లని చుక్కలు కనిపిస్తాయి. మరునాటికి అవి మాయమవుతాయి. యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. మరో వారానికి తొట్టిలోని చేపలన్నిటిపైనా చుక్కలు పొడసూపుతాయి. అవి రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటాయి, మేత మానుతాయి, నీటి ఉపరితలానికి వచ్చి ఆయాసపడతాయి. నెల తిరగకముందే పాతవీ కొత్తవీ అన్న భేదం లేకుండా తొట్టి ఖాళీ కావచ్చు.

'ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అని సామెత. రాళ్ళు, ఇసుక, పగడాలు నిండిన తొట్టిలోకి పరాన్నజీవి ఒకసారి ప్రవేశించిందంటే దానిని పట్టి బయటకు పంపడం దాదాపు అసాధ్యం. గుమ్మం దగ్గరే ఆపడమొక్కటే మార్గం. అందుకోసం కొత్తగా తెచ్చిన చేపను కొన్ని వారాలపాటు వేరే తొట్టిలో ఉంచి, గమనించి, అవసరమైన చికిత్స చేసి, ఆ తరువాతనే పాత చేపల మధ్యకు పంపుతారు. దీనినే క్వారంటైన్ లేదా ఏకాంతవాసం అంటారు. 2020లో కోవిడ్ మహమ్మారి వ్యాపించినప్పుడు ఈ మాట మారుమూల పల్లెలకు కూడా తెలిసివచ్చింది గాని, దాని చరిత్ర చాలా పాతది. 1377లో ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం, ప్లేగు సోకిన ప్రాంతాలనుంచి వచ్చేవారు ముప్పై రోజులపాటు నగరానికి వెలుపలే ఆగాలని శాసించింది. ఆ గడువు తరువాత నలభై రోజులకు పెరిగింది. వెనిస్ ప్రజల భాషలో నలభైని తెలిపే మాటనుంచే క్వారంటైన్ అన్న పేరు వచ్చింది. సంతలో కొన్న పశువును వెంటనే మందలో కలపక కొన్నాళ్ళు వేరుగా కట్టివేసే పాడిరైతుకు ఈ పేరు తెలియకపోవచ్చు. ఆ పద్ధతి మాత్రం తెలుసు.

గడువు ఇన్ని రోజులే ఎందుకు ఉండాలి అన్న ప్రశ్నకు సమాధానం పరాన్నజీవి జీవితచరిత్రలో ఉంది. పైన చెప్పిన తెల్లచుక్కలకు కారణమైన జీవి పేరు క్రిప్టోకారియన్ ఇరిటాన్స్. ఇది ఏకకణజీవి. శరీరం చుట్టూ ఉన్న సన్నని శైలికలను ఆడిస్తూ నీటిలో కదులుతుంది. ఇ. ఎం. బ్రౌన్ అనే శాస్త్రజ్ఞురాలు 1951లో దీనికి ఈ పేరు పెట్టారు. దీని జీవితం నాలుగు అంకాల నాటకం వంటిది. మొదటి అంకం చేప శరీరంపై సాగుతుంది. పరాన్నజీవి చేప చర్మంలోనికి, మొప్పలలోనికి చొచ్చుకొనిపోయి, పైపొర అడుగున చేరి, అక్కడి కణజాలాన్ని తింటూ పెరుగుతుంది. ఈ దశలో దానిని ట్రోఫాంట్ అంటారు. మన కంటికి కనిపించే తెల్లచుక్క ఇదే. చుక్క చర్మంపై ఉన్నట్లు కనిపించినా వాస్తవానికి చర్మం లోపల ఉంటుంది. నీటిలో కలిపిన మందు దానిని తాకలేకపోవడానికి కారణం ఇదే.

మూడు నుంచి ఏడు రోజులలో అది పూర్తిగా ఎదిగి, చేపను విడిచి బయటకు వస్తుంది. ఎక్కువగా చీకటివేళలోనే ఇది జరుగుతుందని పరిశోధకులు గమనించారు. రాత్రివేళ దిబ్బ చేపలు రాళ్ళ సందులలో కదలక నిద్రిస్తాయి గనుక, అక్కడ పుట్టే పిల్లలకు ఆతిథ్యం దగ్గరలోనే దొరుకుతుంది. ఇంతటి సూక్ష్మజీవికి ఇంతటి కాలజ్ఞానం ఎలా అబ్బిందో! ఈ రెండో అంకంలో అది కొన్ని గంటలపాటు అడుగున పాకి, ఏదో ఒక గట్టి వస్తువుకు అతుక్కొని, చుట్టూ దృఢమైన కవచాన్ని కట్టుకుంటుంది. మూడో అంకం కవచం లోపల సాగుతుంది. టోమాంట్ అనే ఈ దశలో ఒక కణం రెండై, రెండు నాలుగై, చివరకు రెండు వందల వరకు పిల్లకణాలు తయారవుతాయి. కవచం పగిలి బయటపడే పిల్లలను థెరాంట్లు అంటారు. నాలుగో అంకంలో ఈ థెరాంట్లు చేపకోసం వెదుకుతూ ఈదుతాయి. ఒకటి రెండు రోజులలోగా చేప దొరక్కపోతే అవి నశిస్తాయి. పుట్టిన ఆరేడు గంటల తరువాతనే వాటి చొచ్చుకుపోయే శక్తి సన్నగిల్లడం మొదలవుతుంది.

రెండు మూడు రోజులలో చుక్కలు మాయమైనప్పుడు యజమాని ఎందుకు మోసపోతాడో ఇప్పుడు తెలుస్తుంది. చేప కోలుకోలేదు, శత్రువు సైన్యాన్ని సమకూర్చుకోవడానికి వెనుకకు తగ్గింది, అంతే. చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక చుక్కనుంచి 200 థెరాంట్లు పుట్టి, వాటిలో పదింటికొకటి మాత్రమే చేపను చేరిందనుకుందాం. తరువాతి విడతలో 20 చుక్కలు ఏర్పడతాయి. ఆ పై విడతలో 400. మూడో విడతకు 8,000. సముద్రంలో ఇలా జరగదు. అంతులేని ఆ జలరాశిలో 200 పిల్లలలో ఒక్కటి చేపను చేరినా ఆ జాతి నిలుస్తుంది. నాలుగు వందల లీటర్ల తొట్టిలో ఈదే థెరాంటుకు ఏ దిక్కుకు పోయినా చేపే ఎదురవుతుంది. సముద్రంలో చేపకు పెద్దగా హాని చేయని జీవి ఇంటి తొట్టిలో యముడుగా మారడం వెనుక ఉన్న రహస్యం ఈ లెక్కలోనే ఉంది. 'అన్ని చేపలలోనూ ఈ పరాన్నజీవి ఉండనే ఉంటుంది, చేప బలంగా ఉంటే ఏమీ చేయలేదు' అని వాదించేవారు లేకపోలేదు. సోకి బ్రతికిన చేపలకు కొన్ని నెలలపాటు రక్షణ లభిస్తుందన్నది నిజమే. అంతమాత్రాన ఈ పరాన్నజీవి శూన్యం నుంచి పుట్టుకురాదు. చేపతోనో, చేపలున్న నీటితోనో, ఆ నీటిలో మునిగిన వస్తువుతోనో అది రావలసిందే. అలా రానివ్వని తొట్టిలో అది ఉండదు.

మరొక సంగతి గమనించదగినది. టోమాంట్లన్నీ ఒకేసారి పగలవు. కొన్ని మూడో రోజునే పగిలితే, మరికొన్ని వారాల తరబడి అలాగే ఉండిపోతాయి. ఏంజెలో కొలోర్నీ, పీటర్ బర్జెస్ 1997లో ప్రచురించిన సమీక్ష ప్రకారం ఈ వ్యవధి 72 రోజుల వరకు సాగవచ్చు. ఒకే చేపనుంచి, ఒకే రాత్రి రాలిన వాటిలో కూడా ఈ తేడా ఉంటుంది. అందువల్లనే పదిరోజులు చూసి 'ఏమీ లేదు' అని తీర్మానించడం ప్రమాదకరం.

తెల్లచుక్కల జీవికన్న వేగంగా చంపేది అమైలూడినియం. వెల్వెట్ వ్యాధిగా పేరొందిన రోగాన్ని కలిగించేది ఇదే. ఇది నాచుకు బంధువైన ఏకకణజీవి. మొదట మొప్పలకే అతుక్కొంటుంది గనుక చుక్కలు కనిపించకముందే చేప ఊపిరాడక అల్లాడుతుంది. నీటి ప్రవాహానికి ఎదురుగా నిలిచి, వెలుతురుకు తొలగిపోతుంది. ఒళ్ళంతా పుప్పొడి చల్లినట్లు కనిపించేసరికి చాలాసార్లు సమయం మించిపోతుంది. ఒక్కొక్క కవచం నుంచి 256 వరకు పిల్లలు వెలువడతాయి. బ్రూక్లినెల్లా అనే మరొక జీవి ముఖ్యంగా సముద్రంలో పట్టిన క్లౌన్ చేపలను పీడిస్తుంది. దీనికి కవచదశ లేదు; చేపపైనే రెండుగా విడిపోతూ వృద్ధిచెంది, చర్మంపై తెల్లని జిగురును పొరలుపొరలుగా ఊడగొడుతుంది. నియోబెనిడేనియా వంటి చదునుపురుగులు చర్మానికి, కళ్ళకు అంటిపెట్టుకొని ఉంటాయి. అవి ఒంటిమీద ఉన్నంతసేపు పారదర్శకంగా ఉండి కంటికి ఆనవు. చేపను మంచినీటిలో అయిదు నిమిషాలు ఉంచితే తెల్లగా మారి రాలిపోతాయి. అప్పుడు గాని వాటి సంఖ్య చూసి యజమాని నివ్వెరపోడు. అయితే మంచినీటి స్నానం చర్మం లోపల దాగిన తెల్లచుక్కల జీవిని నిర్మూలించలేదు.

ఏకాంతవాసపు తొట్టి అలంకారానికి ఉద్దేశించినది కాదు. చిన్న చేపలకు నలభై నుంచి ఎనభై లీటర్ల తొట్టి సరిపోతుంది. అడుగున ఇసుక పరచరు. రాళ్ళు పెట్టరు. ఇసుకలో కవచాలు దాగుతాయి; సున్నపురాళ్ళు మందును పీల్చుకుంటాయి. చేప దాగడానికి వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టాల ముక్కలు రెండు మూడు వేస్తే చాలు. దాగడానికి చోటు లేని చేప బెదిరి మేత ముట్టదు. నీటిని వెచ్చగా ఉంచే హీటరు, గాలి బుడగలతో పనిచేసే స్పాంజి ఫిల్టరు, పైన మూత ఉండాలి. మూత సంగతి చిన్నదిగా తోచవచ్చు. బెదిరిన చేప ఎగిరి నేలపై పడి చనిపోవడం అరుదు కాదు. వ్యాధిని తప్పించబోయి చేపను ఇలా పోగొట్టుకోవడంకన్న విచారకరమైనది ఏముంటుంది?

ఈ చిన్నతొట్టిలో అసలైన ప్రమాదం పరాన్నజీవి కాదు, అమ్మోనియా. చేప మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తుంది. పెద్దతొట్టిలోని రాళ్ళపై నివసించే బాక్టీరియా దానిని నైట్రైటుగాను, ఆపైన నైట్రేటుగాను మారుస్తుంది. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా ఉండదు. అందుచేత స్పాంజిని కొన్ని వారాల ముందే పెద్దతొట్టి నీటిలో ఉంచి, బాక్టీరియా పట్టిన తరువాత చిన్నతొట్టిలోకి మార్చుకోవాలి. అమ్మోనియాను తరచు పరీక్షించి, పెరిగిన వెంటనే నీటిని మార్చాలి. ఏకాంతవాసంలో చేప చనిపోయిందని, కాబట్టి ఆ పద్ధతే పనికిరాదని చెప్పేవారు చాలామంది ఉన్నారు. వారి చేపలలో అనేకం చనిపోయినది పద్ధతివల్ల కాదు, పండని స్పాంజివల్ల.

సంచిలో వచ్చిన చేపను దించే తీరులోను ఒక కిటుకు ఉంది. ప్రయాణంలో చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు సంచిలోని నీటిని కొంత ఆమ్లగుణంవైపు మొగ్గిస్తుంది. ఆ స్థితిలో అమ్మోనియాలో అధికభాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే వాయువు బయటకు పోతుంది. నీటి క్షారగుణం పెరుగుతుంది. అమ్మోనియం తిరిగి విషంగా మారుతుంది. దూరప్రయాణం చేసి వచ్చిన చేపను విప్పిన సంచిలోనే గంటల తరబడి ఉంచి, చుక్క చుక్కగా కొత్త నీరు కలపడం అందువల్ల మేలుకన్న కీడే చేస్తుంది. సంచిలోని నీటి లవణీయతకు సమానంగా చిన్నతొట్టి నీటిని ముందే సిద్ధం చేసుకొని, ఉష్ణోగ్రత కుదిరిన వెంటనే చేపను అందులోకి మార్చడం ఉత్తమం. సంచినీటిని మాత్రం ఏ తొట్టిలోనూ పోయకూడదు.

ఆ తరువాత ఏమి చేయాలన్న విషయంలో అనుభవజ్ఞులు రెండు వర్గాలుగా ఉన్నారు. రోగలక్షణాలు కనిపించేవరకు వేచి, కనిపిస్తేనే మందు వాడాలని ఒక వర్గం. లక్షణాలు లేకున్నా మొదటినుంచే చికిత్స చేయాలని రెండో వర్గం. మందులన్నీ చేపకు ఎంతో కొంత శ్రమ కలిగించేవే గనుక మొదటి వాదంలో న్యాయం ఉంది. అయితే మొప్పలలో మాత్రమే దాగిన కొద్దిపాటి పరాన్నజీవులు కంటికి కనిపించవు. సముద్రంలో పట్టి, పలు చేతులు మారి వచ్చిన చేపల విషయంలో రెండో వాదమే సబబు. తొట్టిలో పుట్టి, నమ్మకమైన పెంపకందారు నుంచి నేరుగా వచ్చిన చేపకు వేచిచూడడం చాలవచ్చు.

చికిత్సలలో పాతది రాగి. నీటిలో కరిగిన రాగి థెరాంట్లను, వెల్వెట్ పిల్లలను చంపుతుంది. చర్మంలో దాగినవాటిని, కవచంలో ఉన్నవాటిని ఏమీ చేయలేదు. కనుక అవి ఒక్కొక్కటిగా బయటపడేవరకు రాగి నీటిలో కాపుగాచి ఉండాలి. సాధారణ రాగి లవణమైతే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మేర, కనీసం మూడు వారాలపాటు, ఒక్కరోజు కూడా తగ్గకుండా నిలపాలి. తగ్గితే జీవి తప్పించుకుంటుంది. పెరిగితే చేపకే విషమవుతుంది. బంధిత రూపంలో అమ్మే రాగి మందులకు మోతాదు వేరు. ఏ మందుకు తగిన పరీక్షాసామగ్రితో ఆ మందునే కొలవాలి. అమ్మోనియాను అణచే రసాయనాలను రాగితో కలిపితే రాగి మరింత విషపూరితమైన రూపానికి మారవచ్చు గనుక ఆ రెండూ ఒకచోట చేరకూడదు. ఇక రొయ్యలకు, నత్తలకు, పగడాలకు రాగి ప్రాణాంతకం. పెద్దతొట్టిలోనే మందు కలిపేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన అక్కడే అంతమవుతుంది.

మందు లేకుండానే తెల్లచుక్కల జీవిని వదిలించే ఉపాయం ఒకటి ఉంది. అది కేవలం కాలగణనపై ఆధారపడినది. చేపపై ఉన్న పరాన్నజీవి ఏడు రోజుల లోపల రాలిపోవలసిందే. రాలినది కనీసం మూడు రోజులు గడిచేవరకు పిల్లలను వదలలేదు. కావున ప్రతి మూడో రోజున, అదే వేళకు, చేపను ఆరబెట్టి శుభ్రం చేసిన మరో తొట్టిలోకి మారిస్తే, రాలినవన్నీ పాత తొట్టిలోనే మిగిలిపోతాయి. అలా నాలుగుసార్లు మార్చేసరికి, అంటే 12 రోజులకు, చేప ఆ జీవినుంచి విముక్తమవుతుంది. శత్రువు జీవితచరిత్రను క్షుణ్ణంగా చదివి, దాని నియమాలతోనే దానిని ఓడించే ఈ పద్ధతి ఎంతో ముచ్చటైనది. అయితే వెల్వెట్ జీవికి ఈ కాలపట్టిక వర్తించదు. చదునుపురుగులు చేపను విడిచి రావు కనుక వాటికి ప్రాజిక్వాంటెల్ వంటి మందు వేరుగా వాడవలసి ఉంటుంది.

నీటిలోని ఉప్పును తగ్గించడం మరొక మార్గం. సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలను కలిగి ఉంటుంది. దానిని క్రమంగా 15 గ్రాములకు తగ్గించి మూడు నాలుగు వారాలు ఉంచితే తెల్లచుక్కల జీవి ఆ నీటిలో నిలువలేదు. చేప మాత్రం తట్టుకోగలదు. సముద్రపు చేప రక్తంలోని ఉప్పు సముద్రంలోకన్న చాలా తక్కువ. అది నిరంతరం ఉప్పునీటిని తాగుతూ, అదనపు లవణాన్ని మొప్పల ద్వారా బయటకు పంపుతూ బ్రతుకుతుంది. పలుచని నీటిలో ఆ శ్రమ తగ్గుతుంది. ఈ పద్ధతి వెల్వెట్‌పై పనిచేయదు. తక్కువ ఉప్పును సైతం ఓర్చుకొనే తెల్లచుక్కల జీవులను తైవాన్ పరిశోధకులు గుర్తించారు. అందుచేత దీనిపైనే పూర్తిగా ఆధారపడడం క్షేమం కాదు.

వెల్లుల్లి కలిపిన మేత, శుభ్రపరిచే చేపలు, రొయ్యలు ఈ రోగాన్ని పోగొడతాయని ప్రచారం ఉంది. వెల్లుల్లి వాసనకు కొన్ని చేపలు మేత ముట్టవచ్చు. అంతకుమించిన మహిమ దానికి ఉన్నట్లు తేలలేదు. శుభ్రపరిచే రాస్ చేప దిబ్బలపై ఇతర చేపల ఒంటినుంచి చిన్న చిన్న క్రిములను ఏరి తినడం వాస్తవం. చర్మం లోపల దాగిన ఏకకణజీవిని అది ఏరలేదు. పైగా తానే రోగాన్ని మోసుకొనిరావచ్చు.

ఏకాంతవాసం అన్ని చేపలకూ ఒకే తీరుగా సాగదు. మాండరిన్ అనే చిన్నచేప రాళ్ళపై పాకే సూక్ష్మమైన జలచరాలను రోజంతా ఏరుకొని తింటుంది. రాయి లేని తొట్టిలో దానికి ఆకలిచావే శరణ్యం. రాగికి కూడా అది సున్నితమైనది. దాని ఒంటిపై ఉన్న మందపాటి జిగురుపొర వల్ల తెల్లచుక్కలు అంతగా సోకకపోయినా, ఎన్నడూ సోకవని చెప్పలేము. ఇటువంటి చేపకోసం మందులేని, రాళ్ళతో కూడిన, ఇతర చేపలు లేని తొట్టిని ముందే సిద్ధం చేయగలిగినవారే దానిని కొనడం మంచిది. పొడవాటి ముక్కుగల సీతాకోకచిలుక చేపది మరొక సమస్య. అది కొత్తచోట మేతను గుర్తించడానికే రోజులు పడుతుంది. పోటీపడి లాక్కునే పాత చేపలు లేని ప్రశాంతమైన చిన్నతొట్టి దానికి నిజానికి వరం. మేతకు అలవాటుపడి, కాస్త ఒళ్ళు చేసిన తరువాత పెద్దతొట్టికి వెళ్ళిన చేప అక్కడ తన చోటును నిలబెట్టుకోగలుగుతుంది.

పగడాలకు, నత్తలకు, రాళ్ళకు ఈ పరాన్నజీవులు సోకవు. వాటికి అంటుకొన్న కవచాలు మాత్రం వాటితోపాటు ఇంటికి వస్తాయి. చేపలను నెల రోజులు వేరుగా ఉంచి, చేపల తొట్టినుంచి తెచ్చిన పగడపు ముక్కను ఆనాడే పెద్దతొట్టిలో దించడం తలుపు మూసి కిటికీ తెరచినట్లే. చేపలు లేని తొట్టిలో వాటిని కూడా తగినన్ని వారాలు నిలపాలి. వలలు, గొట్టాలు, బకెట్లు ఒక్కొక్క తొట్టికి వేరుగా ఉండాలి. వెల్వెట్ జీవి గాలిలో తేలే నీటి తుంపరల ద్వారా కూడా పక్కతొట్టికి చేరగలదని ప్రయోగాలలో తేలింది. కాబట్టి రెండు తొట్టెలను ఒకే బల్లపై ఉంచక, వీలైతే వేర్వేరు గదులలో ఉంచుతారు. పెద్దతొట్టి పని ముగించుకొన్న తరువాతనే చిన్నతొట్టిలో చేయి పెడతారు. తిరిగి పెద్దతొట్టిని తాకేముందు చేతులు కడిగి ఆరనిస్తారు.

ఈ జాగ్రత్తలేవీ తీసుకోక, రోగం పెద్దతొట్టిలో ప్రవేశించినప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే అవుతుంది. అయినా దారి పూర్తిగా మూసుకుపోదు. బ్రతికిన ప్రతి చేపనూ పట్టి వేరే తొట్టిలో చికిత్స చేయాలి. పట్టడానికి రాళ్ళన్నీ తీయవలసి రావచ్చు. పెద్దతొట్టిని చేప అన్నది లేకుండా 76 రోజులు ఖాళీగా వదలాలి. పగడాలు, రొయ్యలు అందులోనే ఉండవచ్చు. 72 రోజుల వరకు పగలగల కవచాలకు మరికొన్ని రోజులు చేర్చి ఈ గడువును నిర్ణయించారు. చిన్నతొట్టిలో నెల రోజుల ఓపిక లేనివానికి పెద్దతొట్టి ముందు రెండున్నర నెలల శూన్యం మిగులుతుంది.

ఈ విజ్ఞానం వినోదానికే పరిమితమైనది కాదు. గుడ్లకోసం సముద్రం నుంచి తెచ్చే తల్లిచేపల ద్వారా ఇవే పరాన్నజీవులు సముద్రపు చేపల పెంపక కేంద్రాలకు కూడా చేరుతాయి. అక్కడ నష్టం లక్షల్లో ఉంటుంది. 1990 దశకం మధ్యలో ఆంధ్రతీరంలోని రొయ్యల చెరువులను తెల్లమచ్చల వ్యాధి తుడిచిపెట్టిన నాటి సంగతి రైతులు మరువలేదు. పేరులో పోలిక ఉన్నా అది వేరు. రొయ్యలకు సోకినది వైరస్. చేప చర్మంపై చుక్కలు కలిగించేది ఏకకణజీవి. 2009లో విదేశీ వనామీ రొయ్యల పెంపకానికి మనదేశంలో అనుమతి లభించినప్పుడు, దిగుమతి అయ్యే తల్లిరొయ్యలను ముందుగా ఉంచి పరీక్షించడానికి చెన్నైలోని నీలాంగరైలో ఒక క్వారంటైన్ కేంద్రాన్ని నెలకొల్పారు. ఆంధ్ర తీరంలోని హేచరీలకు వచ్చే విదేశీ తల్లిరొయ్యలు ఆ గుమ్మం దాటి రావలసినవే. ఇంటిలోని నలభై లీటర్ల తొట్టి చేసేది కూడా ఆ పనే.

గడువు ముగిసిన రోజున చిన్నతొట్టి నీటి లవణీయతను, ఉష్ణోగ్రతను పెద్దతొట్టితో సరిచూస్తారు. రాగి వాడి ఉంటే బొగ్గుతో వడగట్టి, నీరు మార్చి దానిని పూర్తిగా తొలగిస్తారు. తక్కువ ఉప్పులో ఉంచిన చేపకైతే ఉప్పును కొన్ని రోజులపాటు మెల్లమెల్లగా పెంచుతారు. తగ్గించడంకన్న పెంచడమే చేపకు కష్టం. పెద్దతొట్టి దీపాలను ఆర్పి, పాత చేపలు తమ తమ చోట్లకు చేరిన తరువాత కొత్తదానిని వదులుతారు. తొలిరాత్రి అది ఏ రాతిచాటునో దాగి కనిపించదు. ఆ రాత్రే చిన్నతొట్టిని ఖాళీ చేసి, గొట్టాలను కడిగి, అన్నిటినీ ఎండలో పూర్తిగా ఆరబెడతారు. రాగి తగలని మరో కొత్త స్పాంజి ముక్కను పెద్దతొట్టి నీటిలోకి జారవిడుస్తారు. తరువాత రాబోయే చేపకోసం అది అక్కడ పండుతూ ఉంటుంది.